తరగని అన్నం కుండ

సాయిలు పొద్దున లేవగానే మొదట మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు. ఆ తర్వాత బియ్యం కొలిచేవాడు. భార్య ఆశమ్మ పోయిన నాటి నుంచి పదకొండేళ్లుగా ఈ రెండు పనులూ ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇంట్లో ముగ్గురు. సాయిలు, కోడలు రత్నవ్వ, పదేళ్ల మనవరాలు మేరి. కొడుకు యాకోబు బహ్రెయిన్‌లో ఉన్నాడు, రెండేళ్లకోసారి వచ్చి పోతాడు. మనిషికి ఒక సోలె లెక్కన సాయిలు పూటకు మూడు సోలెల బియ్యం కొలిచి చాటలో పోసేవాడు. అందులోంచి రత్నవ్వ ఒక పిడికెడు తీసి గుడి కోసం పెట్టిన ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంత గుడికి పోయేది. చర్చినే వాళ్లు గుడి అంటారు. దాని వెనక వాడలో అన్ని ఇండ్లల్లోనూ ఆ పద్ధతి ఉంది.

తొంభయ్యో సంవత్సరం మార్చి నెల అది. ఆ పొద్దున కూడా సాయిలు కొలిచి పోశాడు.

"రత్నవ్వా, పిడికెడు తీసినవా?"

"తీసిన మామా."

"మల్ల గట్ల గోడ పట్టుకొని నిలబడ్డవేంది?"

"ఏం లేదు. జర కండ్లు తిరిగినట్టాయె. బీడీలు చుట్టుకుంట కూసున్న గదా."

"ప్రార్థన జేసుకో బిడ్డా. తగ్గుతది."

రత్నవ్వ చాట కింద పెట్టింది. పైట కొంగు సర్దుకుంది. "మామా, మీకొక మాట చెప్పాల్నని..."

"పసుపు బండ్లు తెల్లారకముందే మబ్బులనే వచ్చి లైన్ కట్టినయట. సేటు తిడ్తడు. పగటికి చెప్పుదువు తియ్యి," అని సాయిలు తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు.

రత్నవ్వ ఆ మాటను మళ్లీ మింగేసింది. ఎన్నోసారో ఆమెకే తెలియదు.

సాయిలు వయసులో ఉన్నప్పుడు ఆర్మూర్ మార్కెట్‌లో హమాలీ. వంద కిలోల బస్తా వీపు మీద పెట్టుకుని లారీ ఎక్కేవాడు. నడుము పోయాక అదే సేటు దగ్గర కూర్చుని బస్తాల మూతులు కుట్టే పని చేస్తున్నాడు. చేతిలో దబ్బనం, ఒళ్లంతా పసుపు దుమ్ము. పక్కన గంగాదాస్ అనే ఇంకో హమాలీ కూడా అదే పని. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం. గంగాదాస్ నోరు ఒక్క నిమిషం ఊరుకోదు.

ఆ రోజు షెడ్డు వెనక, ఖాళీ గోనె సంచుల మీద ఒక ముసలామె పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బోధన్ దిక్కు నుంచి పసుపు కొమ్ములు విరిచే కూలికి వచ్చిన గుంపులో మనిషట. గుంపును తెచ్చిన మేస్త్రి మిగతా వాళ్లను ట్రాక్టర్‌లో ఎక్కించుకుని ఇంకో ఊరికి పోయాడు. ఈమెను మాత్రం ఇక్కడే దించేశాడు.

సాయిలు దబ్బనం పక్కన పెట్టాడు. చెంబులో నీళ్లు తెచ్చి ఆమె నోట్లో పోశాడు.

"అక్కా, పేరేంది?"

"తాజున్నీసా," అంది ఆమె కండ్లు తెరవకుండానే.

గంగాదాస్ కూర్చున్న చోటి నుంచే చూశాడు. "ఏందే సాయిలన్నా, మల్ల సుట్టం దొరికిందా?"

"సుట్టమే."

"నీ ఇల్లు ఇల్లా, బస్టాండా? బస్టాండ్ల నయం, ఎవడన్న పంటే కట్టె పట్టుకొని లేపుతరు."

"ఒర్రకురా. బండి పట్టు."

"నేను గిట్ల దినాం ఒకరిని తోల్కపోతే నా పెండ్లాం నన్నే బస్తాల పెట్టి కుట్టి కాంట మీదికి ఎక్కిస్తది. నీ కోడలు ఏమనదా?"

"నా కోడలు ఒక్క మాట అనది. దేవదూత."

"దూతలకు ఆకలి గాదంటరు గదా అన్నా," అని నవ్వుతూనే గంగాదాస్ తోపుడు బండికి చేయి వేశాడు.

సాయిలు చిన్నప్పుడు తల్లి చనిపోతే మోర్తాడ్ నుంచి ఒక్కడే నడిచి వచ్చాడు. మూడు రోజులు తిండి లేక ఆర్మూర్‌లో ఒక గాజులామె గడప మీద పడిపోయాడు. ఆమె ఎవరో, ఏ కులమో తెలియదు. గంజి పోసి లేపింది. తర్వాత వెతికితే ఆ ఇంట్లో వేరే వాళ్లు ఉన్నారు. పెద్దయ్యాక గుడిలో అయ్యగారు ప్రభువు గురించి చెబుతుంటే సాయిలుకు ఆ గాజులామె చేతులే గుర్తొచ్చాయి. దారిన పడి ఉన్న మనిషిని దాటి పోకూడదని ఆ రోజే అనుకున్నాడు. ఆ మాట తప్పలేదు. చేయి విరిగిన లారీ క్లీనరు, పసుపు అమ్ముడుపోక నాలుగు రోజులు మార్కెట్‌లో చిక్కుకున్న ఏర్గట్ల రైతు, మతి తప్పిన ఒక హిందీ మాట్లాడే మనిషి, ఇట్లా ఎందరో ఆయన ఇంట్లో తిని, పడుకుని, కోలుకుని పోయారు. ఎవరినీ పేరుకు మించి ఏమీ అడగలేదు. మతం మాట ఎత్తలేదు.

బండి గుమ్మం ముందు ఆగగానే రత్నవ్వ చేతిలోని తునికాకు కట్ట పక్కన పెట్టి లేచింది. ముసలామె నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

"జొరం మస్తుగుంది మామా."

"అందుకే తెచ్చిన. మన ప్రభువు పంపిండనుకో."

ఎప్పుడూ వచ్చే మగవాళ్లకు ముందరి గదిలో చాప వేస్తారు. ఈమె ఆడమనిషి కాబట్టి రత్నవ్వ వంటింట్లో, పొయ్యికి కాస్త దూరంగా చాప వేసి పడుకోబెట్టింది. మిరియాల కషాయం కాచి తాగించింది.

పగలు సాయిలు అన్నానికి వచ్చాడు. ముందరి గదిలో కూర్చుని తిన్నాడు. మేరి ఆయన పక్కన తిన్నది. తాజున్నీసాకు వంటింట్లోనే మెత్తగా కలిపి పెట్టారు. సాయిలు చేయి కడుక్కుంటూ ఎప్పటిలాగే అడిగాడు.

"అన్నం సాలిందా రత్నవ్వా?"

"సాలింది మామా."

"ప్రభువుకు స్తోత్రం," అని ఆయన మళ్లీ మార్కెట్‌కు పోయాడు.

ఆ ప్రశ్నకు, ఆ జవాబుకు ఒక కథ ఉంది. రత్నవ్వ ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, సాయిలు చేయి విరిగిన లారీ క్లీనరును ఇంటికి తెచ్చాడు. ఆ పూట ఇంట్లో ఉన్న బియ్యం అన్నీ కలిపితే మూడు సోలెలే. తినాల్సింది నలుగురు, అప్పుడు యాకోబు కూడా ఇంట్లోనే ఉన్నాడు. సాయిలు కుండ మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. మగవాళ్లు ముగ్గురూ కడుపునిండా తిన్నారు. అయినా కొత్త కోడలు గరిటె పట్టుకుని వచ్చి, "ఇంక జర పెట్టాల్నా?" అని అడిగింది. సాయిలుకు ఒళ్లు జలదరించింది. బైబిల్లో ఒక విధవరాలి ఇంట్లో పిండి తరగలేదని అయ్యగారు చెప్పిన సంగతి తన ఇంట్లోనే జరిగిందనుకున్నాడు. ఆదివారం గుడిలో నిలబడి కండ్లనీళ్లతో సాక్ష్యం చెప్పాడు.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా ఆయన అదనంగా ఒక్క సోలె కూడా కొలవలేదు. పిసినారితనం కాదు. కొలిస్తే ప్రభువును నమ్మనట్టే అని ఆయన గట్టి నమ్మకం. యాకోబు ఇంటికి వస్తే నాలుగో సోలె కొలిచేవాడు. అతిథికి మాత్రం కొలవడు. పదకొండేళ్లలో అన్నం ఒక్కసారి కూడా తక్కువ పడలేదు.

శుక్రవారం నాడు గుడి అయ్యగారు సైకిల్ మీద మార్కెట్‌కే వచ్చారు.

"వందనాలు సాయిలు గారూ. ఆదివారం నిజామాబాద్ నుంచి పెద్దయ్యగారు వస్తున్నరు. ఆ రోజు ప్రభు భోజనం కూడా ఉన్నది. మీ అన్నం కుండ సాక్ష్యం మీరే చెప్పాలె."

"నాదేముంది అయ్యగారూ. నేను సదువు లేనోణ్ని."

"మీరు చెప్తేనే జనానికి ఎక్కుతది."

సాయిలు తల వంచుకుని సరేనన్నాడు. లోపల మాత్రం సంబరంగా ఉంది. ఆ రోజంతా బస్తాల కంటే మాటలే ఎక్కువ కుట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, క్లీనరు సంగతి ముందా, ఈ ముసలామె సంగతి ముందా.

శనివారం పగలు అన్నానికి ఇంటికి వచ్చేసరికి రత్నవ్వ వాకిట్లో ఒక మూలకు కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా మన్ను. మూడు రాళ్లు పెట్టి, వాటి చుట్టూ ఎర్రమట్టి మెత్తి, తడిచేత్తో నున్నగా పూస్తోంది.

సాయిలు చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు. "గిదేంది?"

"పొయ్యి మామా."

"ఇంట్ల పొయ్యికేమాయె?"

"గది మీకు. గిది నాకూ, పిల్లకూ."

కాసేపు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులతోనే ఆ రాళ్ల దగ్గరికి వచ్చాడు.

"వేరు పడ్తవా? మొగడు దేశంల లేనప్పుడు ఒంటి మామతోని వేరు పడ్తవా?"

"ఇల్లు వేరు గాదు. మీ బట్టలు పిండుత. మీకు నీళ్లు కాగబెడ్త. అన్నం మాత్రం ఎవరిది వాళ్లు వండుకుందం. మా ఇద్దరి బియ్యం నేనే కొలుసుకుంట."

"వాడ నవ్వుతది. గుడిల సంఘపెద్దను నేను. నా ఇంట్ల రెండు పొయ్యిలంటే నా మొకం ఏడ పెట్టుకోవాలె? రేపే గదా పెద్దయ్యగారు వస్తున్నరు."

"అందుకే ఇయ్యాల పెట్టిన. రేపు మీరు మల్ల గదే సాక్ష్యం చెప్తరు. చెప్పినంక ఇగ నా వల్ల గాదు."

ఆమె గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు, ఒక్కో మాట పెట్టి పెట్టి మాట్లాడింది. అది సాయిలుకు ఇంకా కోపం తెప్పించింది.

"ఓ ముసలామెకు రెండు పూటలు పెట్టుడు నీకు గంత బరువాయెనా? గుడికి పోతవు, పాటలు పాడ్తవు. గిదేనా నేర్సుకున్నది?"

"ఆమె మీద నాకేం లేదు మామా."

వంటింటి గడప దగ్గర చప్పుడయింది. తాజున్నీసా చిన్న మూట చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉంది. జ్వరం తగ్గింది కాని కాళ్లు వణుకుతున్నాయి.

"నేను పోత బేటీ. నా గురించి లొల్లి ఒద్దు."

"నువ్వు కూసో అమ్మా. నీ గురించి గాదు," అంది రత్నవ్వ.

తాజున్నీసా అక్కడే గడప మీద కూలబడింది. కొంచెం ఊపిరి తీసుకుని సాయిలు వైపు చూసింది.

"అన్నా, నువ్వు నా పానం కాపాడినవు. నిన్ను అనడానికి నాకు నోరు రాదు. గని ఒకటి అడుగుత. నీ కోడలు ఏం తింటదో నీకు ఎరికేనా?"

"మేం తిన్నదే తింటది."

"మీరు తిన్నంక ఏం మిగుల్తది?"

అట్లాంటి ప్రశ్న సాయిలును ఎవరూ అడగలేదు.

"మొన్న నేను కండ్లు మూసుకొని పన్న. నిద్ర పోయిన్ననుకున్నది. కుండ గీకింది. మాడు, గింత," అని ముసలామె తన అరచేతి నడిమి గుంట చూపించింది. "గంజిల కలుపుకొని తాగి, కుండ కడిగి బోర్లేసింది. నిన్న గూడ గంతే. నేనడిగితే ఆకలి లేదమ్మా అన్నది. ఆకలి లేనోళ్లు కుండ గీకరన్నా."

సాయిలు కోడలి వైపు తిరిగాడు. "గిది నిజమా?"

రత్నవ్వ మట్టి పూస్తూనే ఉంది.

"దినాం అడిగిన గదా నేను. దినాం సాలింది అన్నవు గదా."

"సాలింది అన్న. ఎవరికి సాలిందని మీరు అడగలే."

రత్నవ్వ చేయి ఆగింది. మట్టిచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, రాళ్ల వైపే చూస్తూ చెప్పుకొచ్చింది.

"మొదాలు గా క్లీనరు వచ్చిన్నాడు గూడ నేను తినలే. కొత్త పిల్లను. పదిహేడేండ్లు. కుండల ఏం లేదని మీకు ఎట్ల చెప్తను? ఉందో లేదో తెల్వద్దని గరిటె పట్టుకొని వచ్చిన. మీరు వద్దన్నరు, బతికిపోయిన అనుకున్న. ఆదివారం మీరు గుడిల లేసి అద్భుతం జరిగిందని చెప్పిండ్రు. అందరు ఏడ్సిండ్రు. ఆడోళ్లు నా చేతులు పట్టుకొని మొక్కిండ్రు. నేను లేసి, లేదు నేను తినలే అంటే మీరేం గావాలె? గుడిల మీ మొకం ఏం గావాలె? గా దినం పోయిన నోరు మల్ల తిరిగి రాలే."

"పదకొండేండ్లా?"

"ఎవరన్న వచ్చిన్నాడే. దినాం గాదు. రాని దినాలు మంచిగనే తిన్న." ఆమె అక్కడ కూడా న్యాయం తప్పలేదు. "నాకలవాటాయె మామా. నేను గూడ ప్రభువు కోసమే అనుకున్న. గని కిందటి నెల బీడీ కార్ఖానల పడిపోయిన. డాక్టరమ్మ నెత్తురు లేదన్నది. ఇంట్ల తిండి లేదా అని అడిగింది. మస్తుందని చెప్పిన."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్పబోయిన. బేస్తవారం పొద్దుగాల గూడ చెప్పబోయిన. బండ్లు వచ్చినయన్నరు." ఆమె మొదటిసారి తల ఎత్తింది. "గది గూడ పోనీ. మొన్న మన మేరి తన పళ్లెంలకెల్లి సగం అన్నం తీసి మూత పెట్టి నాకు దాసింది. తినవే అంటే ఆకలి లేదమ్మా అన్నది. నా మాటే నేర్సుకున్నది మామా. అచ్చం నేనన్నట్టే అన్నది. రేపు ఎవరింటికో పోయి అది గూడ గిట్లనే కుండ గీక్కుంట కూసుంటది. గందుకు పెట్టిన పొయ్యి."

సాయిలు నోరు తెరిచాడు. "గట్లయితే నేను పదకొండేండ్లు గుడిల అబద్ధం చెప్పిన్నా?"

ఆయన అన్నం తినకుండానే వెనక్కి తిరిగి పోయాడు.

మార్కెట్‌లో పని సాగుతోంది. కాంట మీద బస్తాలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. సాయిలు దబ్బనం పట్టుకుని కూర్చున్నాడు కాని దారం ఎక్కించలేదు. నలభై ఏళ్లు ఈ కాంట పక్కనే బతికాడు. ఒక కిలో అటూ ఇటూ అయితే దూరం నుంచి చూసి చెప్పగలడు. ఏ సేటు మాటా తూకం చూడకుండా నమ్మలేదు.

"గంగాదాస్, ఒకటి అడుగుత. మూడు బస్తాలు పోసి ఎవడన్న నాలుగు బస్తాలు తీస్తే ఏమంటవు?"

"దొంగ అంట," అన్నాడు గంగాదాస్ తల ఎత్తకుండానే. "గా నాలుగోది ఎవని కుప్పల నుంచో గుంజిండని సూస్త. ఏందన్నా, ఎవడు తీసిండు?"

సాయిలు లేచి నీళ్ల కుండ దగ్గరికి పోయి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. గంగాదాస్‌కు ఏదో తోచింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒక్క ఎకసెక్కెం కూడా ఆడలేదు.

పొద్దు గూకే ముందు సాయిలు ఇంటికి వచ్చాడు. కొత్త పొయ్యి ఇంకా పచ్చిగానే ఉంది. రత్నవ్వ లోపలి పొయ్యి మీదే మక్కజొన్న రవ్వతో గట్క వండి పెట్టింది. పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాకు ఆకలి లేదు బిడ్డా," అన్నాడు ఆయన.

ఆ మాట తన నోట్లోంచే వచ్చి తనకే వినపడింది. మేరి గబుక్కున తల ఎత్తి తాత ముఖంలోకి చూసింది. తర్వాత తల్లి ముఖంలోకి చూసింది. సాయిలు లేచి మంచం మీదికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఖాళీ కడుపు ఎట్లా ఉంటుందో చిన్నప్పుడు ఆయనకు బాగా తెలుసు. ఎప్పుడు మరిచిపోయాడో గుర్తు రాలేదు.

ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఉన్న రోజు కాబట్టి ఇంటిల్లిపాదీ ఉపవాసంతోనే గుడికి పోయారు. తాజున్నీసా కోసం మాత్రం రత్నవ్వ పొద్దున్నే జావ కాచి పెట్టింది. గుడి నిండిపోయింది. మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు. పెద్దయ్యగారు ముందర కుర్చీలో కూర్చున్నారు. పాట అయిపోగానే అయ్యగారు సాయిలును పిలిచారు.

సాయిలు నడుము పట్టుకుని లేచి ముందరికి పోయాడు. అందరూ ఎరిగిన సాక్ష్యమే కాబట్టి కొందరు ముందుగానే కొంగులు కండ్లకు పెట్టుకున్నారు.

"నా ఇంట్ల అన్నం కుండ తరగలేదని మీకు మస్తుసార్లు చెప్పిన," అన్నాడు. "గది తరిగింది. ఎవరన్న వచ్చినప్పుడల్ల తరిగింది. మూడు సోలెలు మూడు సోలెలే. నలుగురికి ఎట్ల సాలిందంటే, నా కోడలు తినలే. తిననని చెప్పలే. నేను అడగలే. నేను ముందరి అర్రల కూసొని, తిని, చెయ్యి కడుక్కొని, మీ దగ్గరికి వచ్చి అద్భుతం అని చెప్పిన."

కండ్లకు పెట్టుకున్న కొంగులు ఒక్కొక్కటే దిగాయి.

"దారిన పోయే పరాయోళ్లను తోల్కొచ్చిన. మంచి పనే అనుకుంట. ఇప్పుడు గూడ అనుకుంట. గని ఏర్గట్లకెల్లి నా ఇంటికి కోడలుగ వచ్చిన పరాయి పిల్ల ఒకతి పదకొండేండ్లుగ నా కండ్ల ముంగటే ఆకలితోని ఉంటే, గా పిల్లను సూడలే. వండింది ఆమె, పెట్టింది ఆమె, పస్తున్నది ఆమె. పేరు నేను తీసుకున్న. నా సాక్ష్యం నేను వాపస్ తీసుకుంటున్న. ఇయ్యాల నేను రొట్టె ముట్టను అయ్యగారూ. నాకు మొకం లేదు."

ఆయన వచ్చి తన జాగాలో కూర్చున్నాడు. స్తోత్రం అనాలో వద్దో అయ్యగారికి తెలియలేదు. ఆడవాళ్ల దిక్కు నుంచి ఒక ముసలామె, ఎవరినీ చూడకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది. "మా ఇంట్ల గూడ గంతేనయ్యా. కుండల ఉందా, అయిపోయిందా అని మమ్మల్ని ఎవరడుగుతరు."

పక్కనున్నవాళ్లు ఆమెను ఊరుకోమనలేదు.

రొట్టె కోసం అందరూ లేచిపోయారు. రత్నవ్వ కూడా పోయి వచ్చింది. సాయిలు ఒక్కడే ఖాళీ అయిన వరసలో, తల వంచుకుని కూర్చున్నాడు.

గుడి విడిచేసరికి ఎండ మండిపోతోంది. ఎప్పుడూ సాయిలు ముందు నడిస్తే కోడలు, మనవరాలు వెనక వచ్చేవారు. ఆ రోజు ఆయనకు అడుగు పడలేదు. వెనకబడిపోయాడు. పెద్దరోడ్డు దగ్గర లారీలు వరసగా పోతున్నాయి. రత్నవ్వ మేరి చేయి పట్టుకుని, దాటకుండా ఆగింది. ఆయన వచ్చేదాకా ఆగింది.

"గంత మందిల ఎందుకు చెప్పిండ్రు మామా? నాకు తల ఎత్తబుద్ధి గాలే."

"అబద్ధం గంత మందిలనే చెప్పిన గదా బిడ్డా."

ఇద్దరూ లారీల వైపు చూస్తూ నిలబడ్డారు.

"పొయ్యి నీదే," అన్నాడు సాయిలు. "నేను పీకుమనను. నీకు ఎట్ల మంచిగనిపిస్తే గట్ల చెయ్యి. బియ్యం గూడ నువ్వే కొల్సుకో. ఇగ నేను ఎవర్నీ ఇంటికి తేను."

"గట్లనకుండ్రి." రత్నవ్వ తల అడ్డంగా ఊపింది. "తెమ్మనే చెప్తున్న. మీరు తేకపోతే గా అమ్మ గోనె సంచుల మీదనే సచ్చిపోతుండె. తెచ్చే ముంగట ఒక సోలె ఎక్కువ పొయ్యుమంటున్న. గంతే. పూటకు నాలుగు సోలెలు ఎల్లకపోతే నాలుగు పూటలు గట్క తిందం. అందరం తిందం."

"అందరం," అన్నాడు సాయిలు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పసుపు మరకల తువ్వాల.

లారీలు పోయాయి. రోడ్డు ఖాళీ అయింది. అయినా రత్నవ్వ కదల్లేదు. ఆమెకు కండ్లు తిరుగుతున్నాయి. మేరి భుజం మీద చేయి ఆనించి, నేల చూస్తూ, చిన్నగా చెప్పింది.

"మామా, నాకు ఆకలైతుంది."

పదకొండేళ్లలో ఆ మాట ఆ నోటి నుంచి సాయిలు వినడం అదే మొదలు. రోడ్డు పక్కనే రేకుల హోటలు ఉంది. లారీ డ్రైవర్లు తినే చోటు. వాడలో ఆడవాళ్లు ఎవరూ అందులో అడుగు పెట్టరు. సాయిలు ముందు పోయి, ఒక బెంచీ తువ్వాలతో తుడిచాడు.

"రా బిడ్డా. కూసో."

"గీడనా? మంది సూస్తరు మామా."

"సూడనియ్యి."

పూరీలు వచ్చాయి. మేరి వెంటనే మొదలుపెట్టింది. రత్నవ్వ గోడవైపు తిరిగి కూర్చుని ఒక ముక్క తుంచింది. సాయిలు కూర్చోలేదు. పక్కన నిలబడి ఆమె పళ్లెం వైపే చూస్తున్నాడు.

"గట్ల సూడకుండ్రి. ముద్ద దిగుతలేదు."

"నువ్వు తిను. నేను అటు సూస్త," అని ఆయన రోడ్డువైపు తిరిగాడు. మళ్లీ ఇటు తిరిగాడు.

రత్నవ్వ తింటూ ఏడ్చింది. ఏడుస్తూనే తిన్నది. కన్నీళ్లు కొంగుతో ఒత్తుకుంటూ, నములుతూ, మధ్యలో గుర్తొచ్చి తల ఎత్తింది.

"ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు రెండు కట్టియ్యుమనుండ్రి."

"కడ్తరు. నువ్వు ముందుగాల కడుపు సూసుకో."

పళ్లెం ఖాళీ అయింది. రత్నవ్వ దాన్ని పక్కకు జరపబోయి ఆగింది. మామ ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత హోటలతని వైపు తిరిగి, తనే గట్టిగా అడిగింది.

"నాకింకో రెండు పెట్టన్నా."